తీసేసిన స్లైడు

2 ఫిబ్రవరి 2009

మళ్లీ దవడ ముక్క. డబ్బా మూత తీయగానే వాసన — ఫార్మలిన్‌ది కాదు, దాని అడుగున ఉన్నది. కుళ్లిన చేపకీ తడిసిన గోనెకీ మధ్య ఏదో. నాలుగేళ్లయింది ఈ పనిలో, ముక్కు ఇంకా ఒప్పుకోవడం లేదు. రెండు పళ్లు చిగుళ్లలో అలాగే ఉన్నాయి. ఒకదానికి వెండిరంగు సిమెంటు. ఎవరో పన్ను బాగు చేయించుకున్నారు, ఇంకా చాలా ఏళ్లు నమలాలనుకుని.

మధ్యాహ్నం క్యారేజీ తెరిచాను. బెండకాయ వేపుడు. జిగురు. మూసేశాను.

సారు ఫోన్. ఈ నెల ఎన్ని స్లైడ్లయ్యాయి రమణీ అని. ఆ దవడ మనిషి ఎలా ఉన్నాడని అడగరు. నా గైడు ఆయన, నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయన. లెక్క చెప్పాను. నేను కూడా అడగలేదు, దవడ మనిషి సంగతి.

5 ఫిబ్రవరి

క్యాన్సర్ ఓపీ మెట్ల మూల. గుట్కా ఉమ్ములు, గోడకి నడుము ఎత్తు దాకా. పైన నోటి క్యాన్సర్ బొమ్మల పోస్టరు. పోస్టరు మీద కూడా ఉమ్మారు.

11 ఫిబ్రవరి

స్లైడ్లు కోసే బాషా గారు ఇన్నాళ్లకి అడిగారు. ఇరవై ఏళ్లుగా మైనపు దిమ్మెల్లోంచి పొరలు కోస్తున్న మనిషి, రోజూ నా పని చేసి పెడుతూ నేనేం వెతుకుతున్నానో ఎప్పుడూ అడగలేదు. "మైక్రో అంటారు కదమ్మా. అంత చిన్నది ఏం చేస్తుంది?"

చెప్పాను. ఒంట్లో ఏ కణం చెడినా తన మీద ఒక గుర్తు పైకి పెడుతుంది — నేను చెడిపోయాను, నన్ను తీసేయండి అన్నట్టు. మిక్-బి అంటాం. రక్తంలో తిరిగే కాపలా కణాలు, ఎన్.కె. సెల్స్, ఆ గుర్తు తగిలితే చంపేస్తాయి. ఆ గుర్తు తయారవ్వాలంటే జీన్ దగ్గర్నుంచి ఒక చీటీ రావాలి. మైక్రో ఆర్.ఎన్.ఏ. అనే చిన్న ముక్క పోయి ఆ చీటీకి అతుక్కుంటుంది. ఇక చీటీని చదివే వాళ్లుండరు. గుర్తు పైకి రాదు. కాపలా పక్కనుంచే వెళ్లిపోతుంది. క్యాన్సర్ కణం ఇలాంటి ముక్కల్ని కావాలని పెంచుకుంటుంది. బయటి దేశాల్లో ఈ మధ్యే తేలింది ఇది. మన వైపు నోటి గడ్డల్లో కూడా ఇదేనా అన్నది నా థీసిస్.

బ్లేడు తుడుచుకుంటూ విన్నారు. "అయితే బయటివాడెవడూ రాలేదు. వాడి చీటీ వాడే నొక్కేశాడు," అన్నారు.

మొదట్లో ఈ తెలివి చూస్తే ముచ్చటేసేది. రాత్రింబవళ్లు చదివేదాన్ని. ఇప్పుడు మైక్రోస్కోపులో ఆ శుభ్రమైన, గుర్తు లేని కణాల్ని చూస్తే ఒంటి మీద ఏదో పాకినట్టుంటుంది. పెద్దమనిషి ముఖాలు.

23 ఫిబ్రవరి

ఓపీ వరసలో పిన్ని.

ముందు గుర్తుపట్టలేదు. తలమీంచి కొంగు, ఆ కొంగు చివర నోటికి అడ్డం. చేతులు చూసి గుర్తుపట్టాను — నూలు కండెలు చుట్టీ చుట్టీ బొటనవేలి దగ్గర కాయ కట్టిన చేతులు. ఇంటర్ రెండేళ్లూ పెడనలో ఆ చేతుల అన్నమే తిన్నాను. మా అమ్మకి చెల్లెలు, నాకు అమ్మ కంటే ఎక్కువ చనువు. పక్కన బాబాయ్, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, తప్పు చేసినవాడిలా.

నీకు చెప్పొద్దందమ్మా అన్నాడు. పనిలో ఉంటావని.

లోపలికి తీసుకెళ్లాను. కొంగు తీసింది. ఎడమ బుగ్గ లోపల... రాయను. వాసన మాత్రం — నాకు తెలిసిన వాసనే.

24 ఫిబ్రవరి

రాయాలి. ఎవరూ చదవరు కదా ఇక్కడ.

కిందటి వేసవి, కంకిపాడులో తమ్ముడి పెళ్లి. భోజనాల దగ్గర పిన్ని నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "నువ్వు నోళ్ల మీదే చదువుతున్నావంటగా, ఇది చూడవే," అని నోరు తెరిచింది. నా చేతిలో ఐస్‌క్రీమ్ కప్పు. పట్టుచీర మీద పడుతుందేమోనని ఒక కన్ను దాని మీదే. తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రగా. చూశాను. చూశానా? "వేడి చేసుంటుంది పిన్నీ, బీ-కాంప్లెక్స్ వేసుకో. ఆ పొగాకు మానెయ్," అన్నాను. ఐస్‌క్రీమ్ పూర్తి చేశాను.

తొమ్మిది నెలలు.

నాకొక్కదానికే కాదు, అందరికీ చూపించిందట. ఊళ్లో ఆర్.ఎం.పి. సూదులు పొడిచాడు. పళ్లాయన పన్ను పీకాడు. బాబాయ్ కారం మానమన్నాడు. గుడి దగ్గర ఆవిడ పటిక పెట్టుకోమంది. దాచుకున్న మనిషి కాదు. నోరు తెరిచి ఇంటింటికీ చూపించుకున్న మనిషి.

అద్దం ముందు ముఖం కడుక్కుంటుంటే నోట్లో ఆ ఐస్‌క్రీమ్ రుచి. రోత.

3 మార్చి

రిపోర్టు. అనుకున్నదే. ఆపరేషన్ చెయ్యొచ్చు అన్నారు సర్జన్. తెల్లకార్డు మీద అవుతుంది.

బాబాయ్ వరండా చివరికి తీసుకెళ్లాడు. పిన్నికి ఆ పేరు చెప్పొద్దు, పుండు అనే చెబుదాం, తెలిస్తే మగ్గం దగ్గరే కూలబడిపోతుంది అని. మాట్లాడుతున్నంతసేపూ చొక్కా గుండీ తిప్పుతూనే ఉన్నాడు. సరేనన్నాను.

లోపల పిన్ని — ఏం పేరు రాశారే?

పుండు.

పుండుకి ఇంత పెద్ద కాగితమా...

16 మార్చి

మూడు రోజుల్లో ఆపరేషన్. గడ్డలోంచి చిక్కుడు గింజంత ముక్క నా పరీక్షకి తీసుకోవాలంటే రోగి అంగీకార పత్రం ఉండాలి. పత్రంలో ఆ మాట ఉంది, తెలుగులోనే, రెండో పేరాలో. సంతకం బాబాయ్ చేత పెట్టించొచ్చు. చాలామందికి అలాగే జరుగుతుంది — భర్త, కొడుకు, ఎవరో. మంచం మీద మనిషి ఫ్యాన్ చూస్తూ ఉంటుంది.

కాగితం పిన్ని చేతికే ఇచ్చాను.

కూడబలుక్కుని చదివింది. ఆ మాట దగ్గర వేలు ఆగింది. పక్క మంచం వాళ్లు అరటిపండు తొక్క తీస్తున్న చప్పుడు కూడా వినిపించింది.

"మీ బాబాయికి తెలుసా?"

తెలుసన్నాను.

"నాకు తెలుసని ఆయనకి చెప్పమాక. తట్టుకోలేడు."

తర్వాత అడిగింది, ఈ ముక్కతో నువ్వు పాసవుతావా అని. అవుతానేమో పిన్నీ అన్నాను. ఇంటిపేరుతో సహా రాసింది సంతకం. వంకర లేకుండా. ఇంకా ఏదైనా కావాలంటే తీసుకోవే, ఎలాగూ పారేసేదేగా అంది.

19 మార్చి

థియేటర్ బయట ఐస్‌లో పెట్టే ట్యూబు, ఫార్మలిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డాను, మిగతా రోగులప్పుడు నిలబడ్డట్టే. నర్సు ట్రే తెచ్చింది. కత్తెర నేనే పెట్టాను.

మనవాళ్లదైతే వాసన వేరుగా ఉంటుందనుకున్నానేమో. అదే.

లేబిల్ మీద నంబరు మాత్రమే రాస్తాం. రాశాను. సారుకి చెప్పలేదు ఇది ఎవరిదో. ఎవరికీ చెప్పలేదు. బాషా గారికి తప్ప. ఆయన డబ్బా రెండు చేతులతో అందుకున్నారు.

20 మార్చి

మాట్లాడలేకపోతోంది. బుగ్గకి తొడలోంచి తీసిన చర్మం. కళ్లతో అడుగుతోంది — అద్దం. లేదన్నాను. ఉంది, నా సంచిలోనే.

8 ఏప్రిల్

పిన్ని స్లైడు వచ్చింది.

మిగతా గడ్డలన్నీ ఒకటే తీరు: మిక్-బి గుర్తు ఉన్నచోట గోధుమరంగు రావాలి, రాదు. పాలిపోయి నీలంగా ఉంటాయి. ఇది మొత్తం గోధుమరంగు. కణం కణం. బెల్లం పాకం ఒలికినట్టు. లెన్సు మార్చాను, స్లైడు తిప్పి పెట్టాను. అదే.

కాపలా కణాలకి వేరే రంగు వేసి ఇచ్చారు బాషా గారు. ఉన్నాయి. గడ్డ అంచు బయట గుంపుగా. లోపలికి ఒక్కటీ పోలేదు.

అంటే — గుర్తు దాచలేదు. పైకే పెట్టింది. అయినా ఎవరూ రాలేదు.

స్టెయిన్ తేడా వచ్చి ఉంటుందన్నాను. బాషా గారు కొత్త పొర కోశారు, మొదటి నుంచీ మళ్లీ చేశారు. భోజనానికి కూడా లేవలేదు. మళ్లీ గోధుమరంగే.

27 ఏప్రిల్

హైదరాబాద్ నుంచి పి.సి.ఆర్. రిజల్ట్స్. ఐస్‌లో పంపిన ట్యూబులన్నిటికీ. అన్నిట్లో మైక్రో ఆర్.ఎన్.ఏ. ఎక్కువ. పిన్ని దాంట్లో తక్కువ — పుండు లేని మంచి బుగ్గలో ఉన్నంతే.

సరిపోయింది. చీటీ నొక్కేవాడు లేడు, గుర్తు పైకి వచ్చింది. అక్కడి దాకా సిద్ధాంతం కరెక్టే. మరి కాపలా ఎందుకు ఆగింది? గుర్తు ఎక్కువకాలం చూసి చూసి మొద్దుబారిందా? లేక గడ్డ ఆ గుర్తుల్నే తుంపి రక్తంలోకి వదిలి, కాపలా చేతుల్ని వాటితోనే నింపేసిందా? తెలియదు. నాలుగేళ్లలో మొదటిసారి నిజంగా తెలుసుకోవాలనిపిస్తోంది. ఒళ్లు వేడెక్కింది. బస్సులో కూర్చుని టికెట్ వెనక బొమ్మ గీశాను, నా స్టాపు దాటిపోయింది.

29 ఏప్రిల్

సారు రూము. బంగినపల్లి తింటున్నారు. టెంక చీకుతూ గ్రాఫు చూశారు. రసం మణికట్టు దాకా కారి, గడియారం బెల్టు కిందికి పోయింది. గ్రాఫులో పిన్ని చుక్క మీద వేలు పెట్టారు. మామిడి మరక పడింది.

ఇదేంటి అన్నారు. చెప్పాను. రెండుసార్లు చేశాం సార్, రెండోసారీ అంతే అన్నాను. కాపలా సంగతి కూడా చెప్పాను, బహుశా ఇదే అసలు కొత్త విషయమేమో సార్ అని.

"ఒక్కటే తేడాగా ఉంటే అది తప్పు శాంపిలమ్మా. తీసెయ్. ఫిక్సేషన్ బాగాలేదని, ముక్క ఫార్మలిన్‌లో సరిగా నిలవలేదని రాసెయ్."

ఫిక్సేషన్ బాగానే ఉంది సార్ —

చేతి రుమాలుకి వేళ్లు తుడుచుకున్నారు. నీకు ముప్పై నాలుగేళ్లు, ఇంకెన్నాళ్లు ట్యూటర్‌గా ఉంటావు, కాన్ఫరెన్స్ జూలైలో, పేపరు ఆగస్టులో జర్నల్‌కి పంపాలి, దాన్ని పరీక్షించే రెఫరీలు ఈ ఒక్క చుక్క పట్టుకుని ఏడాది తిప్పుతారు... గొంతులో కోపం లేదు. తండ్రిలా మాట్లాడారు. అదే భరించలేకపోయాను.

30 ఏప్రిల్

రాశాను.

ఇంగ్లీషులో ఒక్క వాక్యం. ఒక నమూనాను సరిగా భద్రపరచనందున పరిగణనలోకి తీసుకోలేదు అని. నా వేళ్లతోనే. స్పెల్లింగ్ కూడా సరిచూసుకున్నాను.

ఆ చుక్క తీసేయగానే గ్రాఫు అందంగా తయారైంది. గీత సూటిగా. ఎంత శుభ్రంగా ఉందో.

చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగాను. ఫార్మలిన్ పోతుంది సబ్బుకి.

14 మే

ఎండ. వన్ టౌన్ కాలవ ఎండిపోయి మా మేడ దాకా కంపు. కింద గొడౌన్లో మిరపకాయల బస్తాలు దింపుతున్నారు, గది అంతా ఘాటు. పిన్ని గుంటూరులో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుంటోంది. వారానికి ఒకసారి వెళుతున్నాను. నోరంతా ఒలిచినట్టుంది. జావ కూడా మంటే.

ఆ పేపరు సంగతి ఆలోచించడం లేదు. ఆలోచించడం లేదని రోజుకి పదిసార్లు గుర్తొస్తోంది.

18 జూలై

కాన్ఫరెన్స్. ఏసీ హాలు, మల్లెపూల వాసన, కొత్త కార్పెట్ వాసన. సారు కోటు వేసుకున్నారు. స్క్రీన్ మీద నా గ్రాఫు, గోడంత.

"మేం పరీక్షించిన ప్రతి గడ్డలోనూ..."

ప్రతి. ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగారు కూడా, బరువు కోసం. చప్పట్లు. నేనూ కొట్టాను. చేతులు వాటంతట అవే కొట్టాయి.

తర్వాత స్టేజి మీదికి పిలిచి, ఈ అమ్మాయి చేనేత కుటుంబం నుంచి వచ్చింది, చాలా కష్టజీవి అని చెప్పారు. శాలువా కప్పారు. మిల్లు బట్ట. ఫోటోకి నవ్వాను.

భోజనాల్లో ఎవరో పెద్దాయన ప్లేటు నిండా రొయ్యలు పెట్టుకుని, తోకలు పక్కకి ఉమ్ముతూ, "చాలా క్లీన్ డేటా అండీ మీది," అన్నారు. బాత్‌రూమ్‌కి పోయి వాంతి చేసుకున్నాను. ఏమీ తినలేదు, పసరు.

9 ఆగస్టు

పేపరు పంపేశారు. మొదటి పేరు నాది.

పిన్నికి మెడలో గడ్డ. చిన్న ఉసిరికాయంత. బాబాయ్ ఫోన్లో చెబుతున్నాడు, వెనక మగ్గం ఆగి ఉంది. ఆ ఇంట్లో మగ్గం చప్పుడు లేకుండా నేనెప్పుడూ ఫోన్ మాట్లాడలేదు.

13 సెప్టెంబర్

పెడన. ఆదివారం.

పిన్ని గోడకి దిండు పెట్టుకుని కూర్చుంది. మాట సగం సగం వస్తోంది, లాలాజలం ఒక పక్కనుంచి కారుతుంటే తుండుతో ఒత్తుకుంటోంది. నేను అటు చూడకూడదనుకున్నాను. చూశాను. మొహం తిప్పేసుకోవాలనిపించింది — పిన్ని దగ్గర. నాకు. ఆ క్షణం నన్ను నేను క్షమించుకోలేను.

బాబాయ్ నూలుకి వెళ్లాక అడిగింది. నా ముక్కలో ఏం తేలిందే?

అబద్ధం చెబుదామనుకున్నాను. రాలేదు. చెప్పాను, బాషా గారికి చెప్పినట్టే, మామూలు మాటల్లో. నీ గడ్డ గుర్తు దాచలేదు పిన్నీ. అందరిలా కాదు. పైకే చూపించింది. కాపలా వచ్చి బయటే నిలబడింది.

తలూపింది. ఆశ్చర్యపోలేదు.

"మరి రాశావా?"

లేదన్నాను. అది లెక్కలోంచి తీసేశారు, మిగతావాటితో కలవలేదని.

చాలాసేపు తుండు మడతపెట్టింది. ఇటు మడత, అటు మడత.

"నన్నెందుకు తీసేశారే?"

స్లైడు పిన్నీ, నిన్ను కాదు, అనబోయాను. సంతకం పెట్టింది తను. పేరు ఉందనుకుంది, ఇన్నాళ్లూ, ఎక్కడో ఒక పుస్తకంలో.

15 సెప్టెంబర్

బాషా గారి దగ్గరికి వెళ్లాను. దిమ్మె ఉందా అని. బీరువా తెరిచి చూపించారు. నంబరు ప్రకారం, వరసలోనే, మైనం మెరుస్తూ.

అప్పుడు చెప్పారు — మే నెలలోనే సారు కబురు పెట్టారట, రిజిస్టర్లో ఆ నంబరు ఎదురుగా 'ఫిక్సేషన్ సరిగా లేదు' అని దిద్దమని. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు.

మరి దిద్దారా?

"బాగుందని నా చేత్తో రాశాను మేడమ్. ఫార్మలిన్ పోసింది నేను. దిద్దనని చెప్పేశాను."

ఇంకో మూడేళ్లలో రిటైరవుతారు. రెండో కూతురి పెళ్లి ఇంకా కాలేదు. దిద్దనని చెప్పి వచ్చి, మళ్లీ కూర్చుని నా స్లైడ్లే కోశారు. నేను పి.హెచ్.డి. చేస్తున్నదాన్ని. నేను దిద్దాను.

17 సెప్టెంబర్

సారుకి చెప్పాను. ఆ స్లైడు తిరిగి చేర్చాలి అని. ఎవరిదో కూడా చెప్పాను.

కుర్చీలో వెనక్కి వాలారు. ముఖం మెత్తబడింది. అయ్యో, ముందే చెప్పాలిగా అమ్మా, ఇప్పుడెలా ఉన్నారావిడ అన్నారు. ఒక్క క్షణం — నమ్మాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

తర్వాత కాఫీ తెప్పించి, నెమ్మదిగా: "సొంతవాళ్ల శాంపిల్ నువ్వే తీసి, నువ్వే చూసి, గైడుకి కూడా చెప్పలేదంటే అది తప్పమ్మా. తీసేయడానికి ఇదింకా మంచి కారణం."

నా కన్నీళ్ల తడి ఆరకముందే. కాఫీ మీద మీగడ తెట్టె, దాన్ని స్పూనుతో పక్కకి నెట్టి తాగారు.

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. అందుకే ఇంత అసహ్యం. ఎవరి మీదో తెలియదు.

6 అక్టోబర్

కృష్ణకి వరద. పెడన వైపు బస్సులు లేవు. బ్యారేజీ దగ్గర జనం, బురద నీళ్లలో కొట్టుకుపోతున్న గడ్డివాములు, చచ్చిన గేదె ఉబ్బిపోయి. చూడ్డానికొచ్చినవాళ్లు వేరుశనగకాయలు తింటున్నారు. బాబాయ్ ఫోన్ కలవడం లేదు.

10 అక్టోబర్

కలిసింది. నీళ్లు మగ్గం గుంట దాకా వచ్చి ఆగాయట. పిన్నికి ముక్కులోంచి గొట్టం వేశారు.

12 అక్టోబర్

పేపరు పంపిన జర్నల్ ఎడిటర్‌కి ఉత్తరం. వీధి చివర నెట్ సెంటర్. మిరప గొడౌన్ పక్కనే, రాస్తున్నంతసేపూ తుమ్ములు. ఒక స్లైడు తీసేశాం, తీసేయడానికి రాసిన కారణం నిజం కాదు, దిమ్మె ఉంది, రిజిస్టర్ ఉంది, ఎవరైనా మళ్లీ పరీక్షించుకోవచ్చు. ఆ రోగి నాకు బంధువు, ఆ సంగతి నేను దాచాను — అది కూడా రాశాను.

పంపాక ఏమీ తేలికపడలేదు. ఆకలి వేసింది. బండి మీద పునుగులు తిన్నాను, వేడివి, నాలుక కాలేలా. ఈ ఏడాదిలో రుచిగా తిన్నది అదే.

3 నవంబర్

సారుకి తెలిసింది. ఎడిటర్ ఆయనకీ రాశాడు. ఫోన్. అరవలేదు. ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీదున్నాయి రమణీ, మునిగితే ఇద్దరం అన్నారు. థీసిస్ సంతకం మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు.

చివర్లో ఆయన గొంతు మారింది. నా మొదటి పేపరు కూడా ఇలాగే మా గైడు దిద్దించాడు, అప్పుడు నేనూ ఏడ్చాను అన్నారు. జాలి వేయాలి. వేయలేదు. చర్మం కింద చర్మం, దాని కింద కూడా అదే కంపు అనిపించింది.

5 నవంబర్

బాషా గారిని రికార్డు రూముకి మార్చారు. దుమ్ము, ఎలకల పెంటికలు. వెళ్లి క్షమాపణ చెప్పాను. దిమ్మె మాత్రం కొత్తగా వచ్చినాయనకి సంతకం తీసుకుని అప్పగించానమ్మా అన్నారు. అదొక్కటే చెప్పారు.

15 నవంబర్

పెడన. బాబాయ్ ఇవాళ పిన్నికి చెప్పాడు, నా ఎదురుగానే. మంచం పట్టె మీద కూర్చుని, తల వంచుకుని — నీకు వచ్చింది మామూలు పుండు కాదు, క్యాన్సర్ అంటారు, ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు, నన్ను తిట్టు అని ఏడ్చాడు.

పిన్ని విన్నది. అప్పుడే మొదటిసారి విన్నట్టు కళ్లు పెద్దవి చేసింది. తర్వాత ఆయన తల మీద చెయ్యి వేసింది. నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

బయటికొచ్చి మొహం కడుక్కున్నాను. ఈ ఏడాదంతా దాపరికాలన్నీ ఒకటే వాసన అనుకున్నాను. ఇది కాదు. దీనికి వాసన లేదు.

24 నవంబర్

ఎడిటర్ జవాబు. మర్యాదగా, పొడిగా. మూడు ప్రశ్నలు, నాకు విడిగా, సారుకి విడిగా. దిమ్మె ఎవరి ఆధీనంలో ఉంది. బంధుత్వం సంగతి ఎప్పుడు, ఎవరికి తెలిపారు. మూడోది — సదరు వాక్యాన్ని ఎవరు రాశారు.

సారు పొద్దున్నే ఫోన్ చేశారు. ఇద్దరం ఒకటే చెబుదాం, అందరం కలిసి నిర్ణయించాం అని రాద్దాం, కలిసి అంటే ఎవరిదీ కాదు అన్నారు.

నెట్ సెంటర్లో కూర్చున్నాను. మొదటి రెండూ అయ్యాయి. మూడోదానికి "సారు చెబితే నేను రాశాను" అని టైపు చేశాను. చదువుకున్నాను. మొదటి రెండు మాటలూ చెరిపేశాను. "నేను రాశాను." అది నిజమే. మళ్లీ ఆ రెండు మాటలూ పెట్టాను. అదీ నిజమే. తీశాను. పెట్టాను.

బాబాయ్ ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎత్తడం లేదు.

మేడమ్, మీ టైము అయిపోయిందండీ, ఇంకో ఆయన ఎదురుచూస్తున్నారు అన్నాడు నెట్ సెంటర్ అతను. ఆ వాక్యం ఎలా ఉన్నదో అలా సేవ్ చేసి లేచాను. ఏది ఉందో, ఏది తీశానో... పెడన బస్సు ఎక్కి కూర్చున్నాక గుర్తు రావడం లేదు.